ఫ్యామిలీ ఫౌండేషన్ గ్రాంట్ల వేట: ఒక చిన్న నాన్‌ప్రాఫిట్ ప్రాజెక్టు డైరీ

డాలస్ చుట్టుపక్కల పనిచేసే మా సంస్థ చేసేది ఒక్కటే పని. పిల్లల దగ్గరికి వచ్చి ఇక్కడే స్థిరపడిన పెద్దవాళ్ళను డాక్టరు అపాయింట్‌మెంట్లకు తీసుకెళ్ళి, మళ్ళీ ఇంట్లో దింపుతాం. కార్లు, డ్రైవింగ్ అన్నీ వాలంటీర్లవే. ఇర్వింగ్, ప్లేనో, ఫ్రిస్కోల నుంచి ఎక్కువ ఫోన్లు వస్తాయి. నాలుగేళ్ళ పాటు దీపావళి విరాళాలు, సెప్టెంబర్లో వచ్చే నార్త్ టెక్సస్ గివింగ్ డే డబ్బులతో నెట్టుకొచ్చాం. రైడ్లు పెరిగి, జీతమిచ్చి ఒక కోఆర్డినేటర్‌ని పెట్టుకోక తప్పని స్థితి వచ్చాక అవి చాలలేదు.

ప్రభుత్వ గ్రాంట్ల జోలికి పోలేదు. మా సైజు సంస్థకు అందుబాటులో ఉన్నవి చిన్న ప్రైవేటు ఫ్యామిలీ ఫౌండేషన్లు. ఒక కుటుంబం తమ ఆస్తిలో కొంత పక్కన పెట్టి, దాని మీద వచ్చే రాబడితో ఏటా విరాళాలిస్తుంది. తెలుగు బడి నడిపేవాళ్ళు, ఫుడ్ ప్యాంట్రీ నడిపేవాళ్ళు "ఎక్కడ మొదలుపెట్టాలి?" అని అడుగుతూనే ఉన్నారు కాబట్టి, మేం చేసిన వరసలోనే, ఎక్కడ దెబ్బతిన్నామో వాటితో సహా రాస్తున్నాను.

దశ 1: కాగితాలు

ఇది రెండు సాయంత్రాల పని అనుకుంటే నెల పట్టింది.

1. ఐఆర్‌ఎస్ (అమెరికా ఆదాయపు పన్ను శాఖ) ఇచ్చిన డిటర్మినేషన్ లెటర్. మేం 501(సి)(3) సంస్థ, అంటే పన్ను మినహాయింపు ఉన్న ధార్మిక సంస్థ అని, అందులోనూ పబ్లిక్ చారిటీ (ప్రజల విరాళాలతో నడిచేది) అని చెప్పే కాగితం ఇదే. 2014 జనవరి నుంచి ఇచ్చిన లెటర్లు ఐఆర్‌ఎస్ వెబ్‌సైటులోని ట్యాక్స్ ఎగ్జెంప్ట్ ఆర్గనైజేషన్ సెర్చ్‌లో దొరుకుతాయి. అంతకు ముందుదైతే అఫర్మేషన్ లెటర్ పంపమని ఐఆర్‌ఎస్‌ని అడగాలి.
2. ఈఐఎన్ (సంస్థకు ఐఆర్‌ఎస్ ఇచ్చే పన్ను నంబరు), బోర్డు సభ్యుల లిస్టు, ఎవరికి స్వప్రయోజనం ఉంటే ఏం చేయాలో చెప్పే పాలసీ.
3. గత ఏడాది ఆదాయవ్యయాలు, ఈ ఏడాది బడ్జెట్. రెండూ బోర్డు ఆమోదించినవే కావాలి.
4. బోర్డులో ప్రతి ఒక్కరూ సంస్థకు విరాళం ఇచ్చారా లేదా. చాలామంది ఈ ప్రశ్న అడుగుతారు. ఎంత అన్నది ముఖ్యం కాదు, అందరూ ఇచ్చారా అన్నదే చూస్తారు. మా ఏడుగురిలో ఇద్దరు వాలంటీరుగా డ్రైవ్ చేస్తున్నారు గానీ డబ్బు ఇవ్వలేదు. అడగ్గానే ఇచ్చారు.

ఆలస్యమంతా పేరు దగ్గర. ఐఆర్‌ఎస్ లెటర్లో పేరు చివర "ఇంక్" ఉంది, బ్యాంకు ఖాతాలో లేదు, వెబ్‌సైటులో పొట్టి పేరు ఉంది. చెక్కు రాసేవాళ్ళు ఈఐఎన్ కొట్టి చూస్తారు, అక్కడ ఒక పేరు, దరఖాస్తులో ఇంకో పేరు కనిపిస్తే పక్కన పెడతారు. మూడు చోట్లా ఒకే పేరు చేసుకోండి.

రెండో అడ్డంకి 990, అంటే ఇలాంటి సంస్థలు ఏటా ఐఆర్‌ఎస్‌కి వేసే రిటర్ను. సాధారణంగా ఏడాది రాబడి 50,000 డాలర్లు మించని సంస్థకు 990-ఎన్ అనే పోస్టుకార్డు లాంటి రిటర్ను చాలు. నాలుగేళ్ళూ అదే వేశాం. కానీ అందులో లెక్కలే ఉండవు. మా గురించి వెతికిన ట్రస్టీకి చిరునామా, ప్రధాన బాధ్యుడి పేరు తప్ప ఏమీ కనిపించదు. 990-ఎన్ సరిపోయే సంస్థ కావాలంటే లెక్కలు కూడా చూపే 990-ఈజెడ్ వేసుకోవచ్చు. మా ట్రెజరర్ ఈసారి అదే వేశారు. క్యాలెండర్ ఏడాది పాటించే సంస్థలకు గడువు మే 15. ఏ 990 అయినా సరే, వరసగా మూడేళ్ళు వేయకపోతే 501(సి)(3) హోదా దానంతట అదే రద్దవుతుంది. మాకు తెలిసిన ఒక చిన్న సంస్థకు అలా జరిగింది. తిరిగి తెచ్చుకునే లోపు దాతలు చెల్లాచెదురయ్యారు.

దశ 2: లిస్టు

గూగుల్లో వెతికితే పెద్ద ఫౌండేషన్లే వస్తాయి, వాటికి మా సైజు ఆనదు. చిన్న ఫ్యామిలీ ఫౌండేషన్లలో చాలావాటికి వెబ్‌సైటే ఉండదు. అయినా ప్రతి ప్రైవేటు ఫౌండేషనూ ఏటా ఐఆర్‌ఎస్‌కి 990-పీఎఫ్ అనే రిటర్ను వేయాలి, అది ఎవరైనా చూడొచ్చు. ప్రోపబ్లికా అనే వార్తాసంస్థ వాళ్ళ నాన్‌ప్రాఫిట్ ఎక్స్‌ప్లోరర్‌లో ఉచితంగా దొరుకుతుంది. క్యాండిడ్ అనే సంస్థ నడిపే ఫౌండేషన్ల డేటాబేసుకు చందా ఖరీదెక్కువ గానీ చాలా పబ్లిక్ లైబ్రరీల్లో కూర్చుని ఉచితంగా వాడుకోవచ్చు. మేం మొదట లైబ్రరీకి వెళ్ళి, "వృద్ధులు", "రవాణా", "ఆరోగ్యం", "వలసదారులు" అని ఉత్తర టెక్సస్ వరకు వెతికి 140 పేర్లు రాసుకున్నాం.

ఆ 140లో 83 ఒక్క గడితో పోయాయి. 990-పీఎఫ్ పార్ట్ 14లో (పాత ఫారాల్లో ఇదే పార్ట్ 15) రెండో లైను దగ్గర ఒక గడి ఉంటుంది. ముందే ఎంచుకున్న సంస్థలకు మాత్రమే ఇస్తాం, అడగకుండా వచ్చే దరఖాస్తులు తీసుకోం అనేవాళ్ళు అక్కడ టిక్ పెడతారు. టిక్ ఉన్నవాళ్ళకు ఉత్తరం రాస్తే చెత్తబుట్టే. వాటిలో ట్రస్టీ ఎవరైనా మన బోర్డు వాళ్ళకు నేరుగా తెలిస్తేనే ప్రయత్నించాలి. అందుకే ఆ 83 రిటర్నుల్లో ట్రస్టీల పేర్లు మాత్రం ఒక షీటులో ఎక్కించి బోర్డు సభ్యులందరికీ పంపాం. ఇద్దరికి పరిచయాలు తేలాయి. అవి వచ్చే ఏడాదికి.

మొత్తం ఇప్పటికి: లిస్టులో 57. ఖర్చు: లైబ్రరీ పార్కింగ్. ఆదాయం: 0.

దశ 3: రిటర్ను చదవడం

అసలు పనంతా ఇక్కడే ఉంది. గ్రాంటు రాయడం గురించి క్లాసులు చాలా ఉన్నాయి, గ్రాంటు ఇచ్చేవాళ్ళ రిటర్ను చదవడం గురించి ఎవరూ చెప్పరు. రాయడానికి పట్టినదానికి మూడు రెట్ల సమయం చదవడానికి పెట్టాం, పెట్టినందుకు ఫలితం దక్కింది.

ఒక్కో ఫౌండేషన్‌కి మూడేళ్ళ రిటర్నులు పక్కపక్కన తెరిచి ఇవి చూశాం:

1. మొదటి పేజీ పైభాగంలో ఏడాది చివరినాటి మొత్తం ఆస్తుల మార్కెట్ విలువ. 1969 పన్ను చట్టం తెచ్చిన నియమాల వల్ల ఇలాంటి ఫౌండేషన్ ఏటా దాదాపు 5 శాతం పంచాలి. 60 లక్షల డాలర్లున్న ఫౌండేషన్ అంటే ఏడాదికి సుమారు 3 లక్షలు, అందులోనే వాళ్ళ ఆఫీసు ఖర్చులు కూడా కొంత కలుస్తాయి.
2. పార్ట్ 14లో రెండో లైను ఎ, బి, సి, డి: ఎవరికి రాయాలి, ఏ రూపంలో, గడువెప్పుడు, ఏ ఊళ్ళకు, ఏ పనులకు మాత్రమే ఇస్తారు.
3. మూడో లైను: ఎవరికి ఎంత ఇచ్చారో పూర్తి పట్టిక.

ఆ మూడో లైనుకు ఒక ఉదాహరణ. ఒక ఫౌండేషన్ ఆ ఏడాది 31 గ్రాంట్లిచ్చింది. ముందటి రెండేళ్ళతో పోల్చి చూస్తే 27 పాత పేర్లే: ఒక చర్చి, ఒక యూనివర్సిటీ, ఒక పిల్లల ఆసుపత్రి, ఇలా. కొత్తగా వచ్చినవి నాలుగే, నాలుగూ 7,500 డాలర్లకు లోపే. పై వరసలో 50,000 కనిపించగానే ఆశపడి అదే అడుగుతారు. కొత్తవాళ్ళకు అక్కడ దొరికేది 5,000. అందుకే షీటులో "సగటు గ్రాంటు" అనే కాలమ్ తీసేసి, "కొత్తవాళ్ళకు ఇచ్చిన పెద్ద మొత్తం" అని పెట్టాం. ఈ డైరీలోంచి ఒక్కటే తీసుకుపోవాలంటే ఆ కాలమ్ తీసుకోండి.

మూడేళ్ళలో ఒక్క కొత్త పేరూ లేని ఫౌండేషన్లను, గడి టిక్ చేయకపోయినా, కొట్టేశాం. పొడిగింపులు తీసుకుని ఆలస్యంగా వేస్తారు కాబట్టి దొరికే రిటర్ను ఒకటి రెండేళ్ళ పాతదే ఉంటుంది. ఆ మధ్యలో ఫౌండేషన్ పెట్టిన పెద్దాయన పోయి, పిల్లల చేతికి వచ్చి, ఇష్టాలు మారిపోయి ఉండొచ్చు. ట్రస్టీల పేర్లు మారాయా అన్నదీ చూడండి.

మొత్తం ఇప్పటికి: 57 నుంచి 11.

దశ 4: బడ్జెట్

మొదటి ముసాయిదాలో వాలంటీర్ల మైలేజిని (సొంత కారు నడిపినందుకు ఇచ్చే ఖర్చు) మైలుకు 67 సెంట్ల చొప్పున వేశాం. అది 2024లో వ్యాపార ప్రయాణాలకు ఐఆర్‌ఎస్ రేటు. ట్రెజరర్ అక్కడే ఆపారు. చారిటీ కోసం డ్రైవ్ చేసేవాళ్ళ రేటు వేరు, మైలుకు 14 సెంట్లు. చట్టంలోనే రాసి ఉన్న అంకె కాబట్టి ఏటా మారదు. అంతకు మించి ఇస్తే ఆ పైమొత్తం వాలంటీరుకు ఆదాయం కిందికి వచ్చే చిక్కుంది.

ఏడాదికి 1,180 రైడ్లు, రానూపోనూ సగటున 22 మైళ్ళు, అంటే 25,960 మైళ్ళు. 67 సెంట్లకు 17,393 డాలర్లు. 14 సెంట్లకు 3,634. ఒక్క లైనులో 13,759 తేడా!

తేలిన బడ్జెట్ (డాలర్లలో):

- కోఆర్డినేటర్, పార్ట్ టైమ్: 21,600
- యజమానిగా మా వాటా పేరోల్ పన్ను, 7.65 శాతం: 1,652
- ఇన్సూరెన్సు: 5,900
- మైలేజి: 3,634
- వాలంటీర్ల బ్యాక్‌గ్రౌండ్ చెక్, ట్రైనింగ్: 1,400
- ఫోను, షెడ్యూలింగ్ సాఫ్ట్‌వేర్: 2,100
- అకౌంటింగ్, ప్రింటింగ్: 2,114
- మొత్తం: 38,400. ఒక్కో రైడుకు 32.54.

వాలంటీర్ల గంటలకు విలువ కట్టి ఆదాయంలో కలపమని బోర్డులో ఒకరన్నారు. కలపలేదు. అవి డబ్బు కావు. విడిగా, బడ్జెట్ కింద ఒక వాక్యంగా రాశాం. వ్యక్తుల విరాళాల నుంచి 22,000 వస్తుందని గత ఏళ్ళ లెక్కను బట్టి వేసుకున్నాం. లోటు 16,400.

"అలాగే మన ఊళ్ళో కంటి క్యాంపుకీ కొంత అడుగుదాం" అన్న మాట కూడా వచ్చింది. ఆ కోరిక నాకు అర్థమవుతుంది, నాకూ ఉంది. కానీ డాలస్ వృద్ధుల రైడ్ల కోసం ఇచ్చిన డబ్బు అందుకే వాడాలి. ఇండియాకు పంపాలంటే అక్కడి సంస్థకు ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) రిజిస్ట్రేషన్ ఉండాలి. 2020 సవరణ తర్వాత డబ్బు ముందు ఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచి ఖాతాలోకే వెళ్ళాలి, అక్కణ్ణించి ఇంకో సంస్థకు మళ్ళించకూడదు. అది వేరే ప్రాజెక్టు, వేరే డైరీ.

దశ 5: మొదటి విడత ఉత్తరాలు

11లో ఆరింటికి రెండు పేజీల లెటర్ ఆఫ్ ఇంక్వైరీ (పూర్తి దరఖాస్తుకు ముందు రాసే ఉత్తరం) పంపాం. రెండింటి నుంచి జవాబే లేదు. ఒకరు బోర్డు మీటింగ్ అయ్యాక చెబుతామన్నారు. ముగ్గురు కాదన్నారు. ఆ ముగ్గురికీ ఫోన్ చేసి కారణం అడిగాం. కాదన్నవాళ్ళకు ఫోన్ చేయడం మనకు మొహమాటం. కానీ మర్యాదగా, రెండు నిమిషాల్లో, వాదన పెట్టుకోకుండా అడిగితే చెప్తారు.

కారణం ఒకటి, జీతాలకు ఇవ్వరు. రిటర్నులో ఈ సంగతి లేదు. ఫోను చేస్తేనే తెలిసింది.

కారణం రెండు, కౌంటీ (మన జిల్లా లాంటిది). వాళ్ళిచ్చేది డాలస్ కౌంటీకే. మేం "డాలస్ ప్రాంతం" అని రాశాం. మా 96 మంది పెద్దవాళ్ళ చిరునామాలను కౌంటీల వారీగా విడదీస్తే కాలిన్ 41, డాలస్ 34, డెంటన్ 21. ఫ్రిస్కో కాలిన్, డెంటన్ కౌంటీల్లో ఉంది, ఇర్వింగ్ డాలస్ కౌంటీలో. వాళ్ళ దృష్టిలో మా పనిలో మూడింట రెండు వంతులు గీత అవతల జరుగుతోంది. ఇర్వింగ్ 34 మందికి మాత్రమే విడిగా అడిగి ఉంటే వినేవాళ్ళమని ఆ ఫౌండేషన్ తరఫున ఫోనులో మాట్లాడిన ఆవిడే చెప్పారు.

కారణం మూడు మమ్మల్ని కుదిపేసింది. మా ఉత్తరంలో రైడుతో పాటు "వాలంటీరు డాక్టరు గదిలో తెలుగు, హిందీ, తమిళంలో ఇంటర్‌ప్రెటర్‌గా ఉంటారు" అని గర్వంగా రాసుకున్నాం. ట్రస్టీ రిటైరైన నర్సు. ఆవిడ అడిగింది ఒకే ప్రశ్న: అది ఆసుపత్రి ఇవ్వాలి కదా, మీరెందుకు ఇస్తున్నారు? నిజమే. 1964 పౌరహక్కుల చట్టం టైటిల్ 6, 2010 అఫర్డబుల్ కేర్ యాక్ట్ సెక్షన్ 1557 ప్రకారం ఫెడరల్ డబ్బు తీసుకునే ఆసుపత్రులు, క్లినిక్కులు ఇంగ్లీషు సరిగా రాని పేషెంటుకు అర్హతున్న ఇంటర్‌ప్రెటర్‌ని ఉచితంగా ఇవ్వాలి. మా వాలంటీర్లకు మెడికల్ ట్రైనింగ్ లేదు. "రోజుకు రెండుసార్లు" అన్నది "రెండు రోజులకోసారి"గా చేరితే ఏమవుతుందో ఆవిడ చెప్పనక్కర్లేకపోయింది.

మొత్తం ఇప్పటికి: అడిగింది 38,000. వచ్చింది 0.

దశ 6: మార్చినవి

ఉత్తరం కంటే ముందు పనిని మార్చాం.

1. వాలంటీరు ఇక ఇంటర్‌ప్రెటర్ కాదు, తోడు మాత్రమే.
2. అపాయింట్‌మెంట్ బుక్ అయిన రోజే కోఆర్డినేటర్ క్లినిక్‌కు ఫోన్ చేసి తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలని చెబుతారు.
3. పెద్దవాళ్ళ చేతికి పర్సులో పట్టే ఒక కార్డు. పైన ఇంగ్లీషులో, కింద పెద్దక్షరాల తెలుగులో: "నాకు తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలి. దయచేసి ఫోనులో కలపండి."

కార్డు మొదటి నమూనాలో తెలుగు పక్కకు పడింది, అక్షరాలు చిన్నవి. ఇర్వింగ్‌లో ఉండే ఒక పెద్దాయన దాన్ని చేత్తో దూరంగా పట్టుకుని, కళ్ళజోడు పైకెత్తి, "అమ్మాయ్, ఇది ఆ డాక్టరు చదవడానికా, నేను చదవడానికా? నేనేం చూపిస్తున్నానో నాకు తెలియొద్దా?" అన్నారు. తెలుగును కిందికి దించి రెండింతలు పెద్దది చేశాం. వెనకవైపు మందుల పేర్లు రాసుకోవడానికి ఖాళీ గీతలు వదలమన్నదీ ఆయనే.

తర్వాత 40 అపాయింట్‌మెంట్లు రాసి పెట్టుకుంటే, 29 చోట్ల క్లినిక్ ఫోనులోనో వీడియోలోనో తెలుగు ఇంటర్‌ప్రెటర్‌ని కలిపింది. మిగతా 11లో ఎక్కువ చిన్న క్లినిక్కులే. వాటికి రెండు రోజుల ముందు ఇంకోసారి ఫోన్ చేయడం మొదలుపెట్టాం.

ఉత్తరం రెండు పేజీల నుంచి ఒకటిన్నరకు తగ్గింది. ఒంటరితనం గురించి రాసిన మొదటి పేరా తీసేశాం. దాని బదులు: 65 దాటిన కొత్త గ్రీన్‌కార్డుదారు ఇక్కడ ఉద్యోగం చేసి ఉండకపోతే, అయిదేళ్ళు వరసగా నివసించాకే మెడికేర్ (వృద్ధుల ప్రభుత్వ ఆరోగ్య బీమా) కొనుక్కోగలరు. పేదల కోసం ఉన్న ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికెయిడ్‌కీ సాధారణంగా అయిదేళ్ళ నిరీక్షణ ఉంది. ఆ మధ్యకాలంలో పిల్లలు ఆఫీసులో ఉంటే, డ్రైవింగ్ రాని పెద్దవాళ్ళకు దారేది? ఆ వెంటనే 1,180 రైడ్లు, రైడుకు 32.54, కౌంటీ వారీ లెక్క. చివర ఎంత అడుగుతున్నామో డాలర్లలో. అది "కొత్తవాళ్ళకు ఇచ్చిన పెద్ద మొత్తం" దాటకుండా.

దశ 7: రెండో విడత

మిగిలిన అయిదింటికి పంపాం, ఒక్కోదానికి వాళ్ళ కౌంటీ లెక్కతో వేర్వేరుగా. ఇద్దరు పూర్తి దరఖాస్తు పంపమన్నారు. ఒకరు ఆడిట్ చేసిన లెక్కలు అడిగారు. మా బడ్జెట్‌కు ఆడిట్ ఫీజు భరించలేనిది. బోర్డు ఆమోదించిన లెక్కలు, 990-ఈజెడ్ పంపితే సరేనన్నారు. అడగకుండా ముందే చేతులెత్తేయకండి.

ఇంకొకరి తరఫున ఫౌండేషన్ పెట్టినవాళ్ళ మనవరాలు వచ్చి ఒక రైడులో కూర్చుంటానన్నారు. ఆరోగ్య విషయాలు, కాబట్టి పెద్దవాళ్ళ అనుమతి ముందు కావాలి, డాక్టరు గదిలోకి రాకూడదు అని రాసి పంపాం. ఆ షరతు పెట్టినందుకే నమ్మకం కుదిరిందని తర్వాత చెప్పారు. ప్లేనోలో ఒకావిడ ఒప్పుకున్నారు. వెయిటింగ్ రూములో నలభై నిమిషాలు. ఆవిడ కార్డు చూపించడం, రిసెప్షన్ వాళ్ళు ఫోను తిప్పి ఇవ్వడం, అవతల తెలుగు గొంతు వినపడగానే ఆవిడ "ఆ, చెప్పమ్మా" అని కుర్చీలో సర్దుకుని కూర్చోవడం ఆ అమ్మాయి చూసింది. మేం స్లైడ్లేమీ చూపించలేదు.

దశ 8: చెక్కులు, ఆ తర్వాత

ఒకటి 5,000, ఇంకోటి 7,500.

మొత్తం ఇప్పటికి: 12,500 వచ్చింది. లోటు 16,400 నుంచి 3,900కు దిగింది. మొదటి విడతలో మీటింగ్ తర్వాత చెబుతామన్నవాళ్ళ జవాబు ఇంకా రావాలి.

చెక్కు వచ్చాక చేసినవి:

1. గ్రాంటు ఒప్పందం మొత్తం చదివి, దేనికి వాడొచ్చో ఒక్క లైనులో అకౌంటింగ్‌లో ట్యాగ్ పెట్టాం. 5,000 కాలిన్ కౌంటీ రైడ్లకే.
2. వారంలోపు సంతకంతో ధన్యవాద ఉత్తరం. మా వార్షిక విందుకు ట్రస్టీలకు ఉచిత టికెట్లు పంపుదామన్న ఆలోచన మానుకున్నాం. ఫౌండేషన్ డబ్బుకు బదులుగా ట్రస్టీలకు వ్యక్తిగత లాభం అందితే సెల్ఫ్ డీలింగ్ కిందికి వచ్చి, పన్ను పెనాల్టీ వాళ్ళ మీద పడొచ్చు. విందుకు పిలవాలనుకుంటే టికెట్ వాళ్ళ సొంత డబ్బుతో కొనుక్కోవాలి.
3. పబ్లిక్ సపోర్ట్ లెక్క. పబ్లిక్ చారిటీగా కొనసాగాలంటే మా లాంటి సంస్థకు సాధారణంగా అయిదేళ్ళ మొత్తం ఆదాయంలో మూడో వంతు ప్రజల నుంచి రావాలి. ఒక్క దాత నుంచి వచ్చినదాంట్లో ఆ మొత్తంలో 2 శాతం వరకే ప్రజల వాటాగా లెక్కకొస్తుంది. మా అయిదేళ్ళ మొత్తం సుమారు 1,50,000 అనుకుంటే 2 శాతం అంటే 3,000. అంటే 7,500లో 4,500 ఆ లెక్కకు రాదు. ఇప్పుడు భయం లేదు. రేపు ఒకే ఫౌండేషన్ 60,000 ఇస్తే మాత్రం తీసుకునే ముందు సీపీఏని (లైసెన్సున్న అకౌంటెంటుని) అడగాలి.
4. రిపోర్టు తేదీలు, ఆరో నెల, పన్నెండో నెల, కోఆర్డినేటర్ క్యాలెండర్లో. రిపోర్టులో ఏం రాస్తామో ఇప్పుడే ఖాళీ పట్టిక తయారుచేశాం: రైడ్లు, కౌంటీ, మైళ్ళు, ఇంటర్‌ప్రెటర్ కలిపారా లేదా. ప్రతి రైడు తర్వాత వాలంటీరు ఫోనులో నాలుగు గడులు నింపుతారు.

ప్రస్తుతం చేస్తున్నది: డాలస్ కౌంటీ ఫౌండేషన్ ఆవిడ చెప్పినట్టు, ఇర్వింగ్ 34 మందికి విడిగా 4,000 డాలర్ల దరఖాస్తు. వాళ్ళ గడువు వచ్చే నెలాఖరు. ఈసారి కోఆర్డినేటర్ జీతం అడగడం లేదు. ఇన్సూరెన్సు, మైలేజి, కార్డుల ముద్రణ అడుగుతున్నాం.